కాల్చిన ఇత్తడి కేసులకూ తుపాకీ భాగాలకూ అల్ట్రాసోనిక్ క్లీనర్: కొనొచ్చా?

అమెరికాలో ఇంట్లో తూటాలు రీలోడ్ చేసుకునేవాళ్ల (కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టంలో, అంటే కేసులో, మళ్లీ మందు నింపేవాళ్ల) కోసం హార్నడీ, లైమన్, ఆర్‌సీబీఎస్ లాంటి కంపెనీలు అల్ట్రాసోనిక్ క్లీనర్లు అమ్ముతున్నాయి. ఇక్కడ చెప్పేది 2, 3 లీటర్ల తొట్టి, హీటర్, 40 కిలోహెర్ట్జ్ ధ్వని తరంగాలు ఉన్న రకం గురించి. కేసు లోపలి గోడలు, ప్రైమర్ పాకెట్ (మందుని రాజేసే ప్రైమర్ కూర్చునే గుంట) మూలలు, అంటే కేసుల్ని దొర్లించి తుడిచే పొడి టంబ్లర్‌లోని మొక్కజొన్న కండె పొట్టు చేరలేని చోట్లు, ఇందులో శుభ్రపడతాయి. సీసం కలిసిన దుమ్ము గాల్లోకి లేవదు. అద్దంలాంటి మెరుపు మాత్రం రాదు. అది కావాలంటే తర్వాత టంబ్లర్‌లో ఒక అరగంట తిప్పాల్సిందే.

ఫలితాన్ని తేల్చేది మెషీన్ కన్నా అందులో పోసే ద్రావణమే. ఇత్తడి బిందెని చింతపండుతో తోమితే నలుపు వదిలినట్టే, ఇక్కడా పని చేసేది పులుపే. 2 లీటర్ల వేడినీళ్లలో ఒక చిన్న చెంచాడు నిమ్మ ఉప్పు, నాలుగైదు చుక్కల గిన్నెల సబ్బు చాలు. తొందరగా తెల్లబడాలని పులుపు పెంచినా, గంటల తరబడి నానబెట్టినా ఇత్తడిలోని జింక్ కరిగి, పైన రాగి మిగిలి, కేసు గులాబీ రంగుకి తిరుగుతుంది. బాగా గులాబీ రంగెక్కినవాటిని పక్కన పడేయండి.

అమ్మోనియా ఉన్న క్లీనర్లు అసలు వద్దు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే, వానాకాలంలో గుర్రపుశాలల దగ్గర దాచిన తూటాల కేసులు వాటంతట అవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి కలిసి చేసిన పని అది. 1921లో గానీ కారణం తేలలేదు.

ముందు డీక్యాపింగ్ డైతో కాలిన ప్రైమర్లు తీసేయండి. అవి ఉండగా కడిగితే పాకెట్ శుభ్రపడదు, లోపల నీరూ నిలుస్తుంది. సైజుల వారీగా వేరు చేయండి, లేకపోతే 9 ఎంఎం కేసు .45 కేసులో దూరి ఇరుక్కుంటుంది. తొట్టిలో వేశాక బుట్టని అటూ ఇటూ వంచండి. కేసు లోపల చిక్కిన గాలి బుడగలు బుడుంగుమని పైకొచ్చేదాకా వంచాలి, ఎందుకంటే బుడగ ఉన్నచోట తరంగం పని చేయదు. పెట్టె మీద రాసిన సంఖ్యలో సగమే వేయండి. కిక్కిరిస్తే మధ్యలోవి మురికిగానే మిగులుతాయి. నీళ్లు 55, 60 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఈ సైజు హీటర్లు చాలా నెమ్మది, కాబట్టి కుళాయి వేడినీళ్లే పోయండి. కేసులు వేయకముందు 5 నిమిషాలు ఉత్త నీళ్లతో నడిపితే నీటిలో కరిగిన గాలి పోతుంది. తర్వాత 8 నిమిషాల చొప్పున రెండు మూడు సార్లు, మధ్యమధ్యలో కలుపుతూ నడపండి.

వంటసోడా కలిపిన నీళ్లలో ఒకసారి, డిస్టిల్డ్ వాటర్‌లో ఒకసారి జాడించి ఆరబెట్టండి. ఓవెన్ వాడితే 90 డిగ్రీలు దాటొద్దు. వంటకి వాడే ఓవెన్ మాత్రం వద్దు. ప్రైమర్ రంధ్రంలో ఒక్క నీటి చుక్క మిగిలినా కొత్త ప్రైమర్ పేలకపోవచ్చు. ఇంకో ఇబ్బంది ఉంది: మెడ లోపలి మసి పూర్తిగా పోవడంతో సైజింగ్‌లో (కేసుని పాత కొలతకి తెచ్చేటప్పుడు) మెడలోకి దూరే ఎక్స్‌పాండర్ కీచుమంటూ పట్టేస్తుంది. కాస్త గ్రాఫైట్ పొడి రాస్తే జారుతుంది.

తుపాకీ భాగాల్లో ఈ మెషీన్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఏఆర్-15 రైఫిల్ బోల్ట్ తోక మీద గట్టిపడిన మసి బాగా మెత్తబడి, మిగిలింది బ్రష్‌కి తేలిగ్గా వస్తుంది. కానీ కేసుల ద్రావణాన్ని ఇక్కడ వాడొద్దు. పులుపు బ్లూయింగ్‌ని (ఉక్కు మీది నల్లటి రక్షణ పూతని) తినేస్తుంది, అందులో కరిగిన రాగి ఉక్కు మీద ఎర్రటి పూతలా పట్టుకుంటుంది. హార్నడీ తన వన్ షాట్ సానిక్ క్లీన్ ద్రావణాన్ని కేసులకి వేరుగా, తుపాకీ భాగాలకి వేరుగా అమ్మేది అందుకే. చెక్క పిడులు, స్కోపులు, చీకట్లో మెరిసే ట్రిటియం సైట్లు (గురి చూసే భాగాలు), లేచిపోతున్న నికెల్ పూత ఉన్న భాగాలు తొట్టిలోకి వెళ్లకూడదు. ఘాటైన క్షార ద్రావణాల్లో అల్యూమినియం పాడవుతుంది. భాగాలు అడుగుని తాకకుండా బుట్టలోనే ఉండాలి. బయటికి తీసిన ఉక్కుకి నూనె పొర మిగలదు, నిమిషాల్లో తుప్పు మొదలవుతుంది. అందుకే వెంటనే జాడించి, నీటిని తోసేసే స్ప్రే కొట్టి, ఆపైన నూనె పెట్టండి.

పెట్రోలు, ఆల్కహాలు తొట్టిలో పోస్తే మంటలు అంటుకుంటాయి. ఇంకా కాల్చని, మందు ఉన్న తూటాలు ఎప్పుడూ వేయకండి. మిగిలిన నీటిలో సీసం ఉంటుంది, కాబట్టి నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి. వంటింటి సింక్‌లో పారబోయకుండా డబ్బాలో పట్టి, మీ కౌంటీ హానికర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి.

నెలకి ఐదారు వందల రైఫిల్ కేసులు, రెండు మూడు తుపాకులు ఉన్నవాళ్లకి ఇది తగిన కొనుగోలు. వేలల్లో 9 ఎంఎం కాల్చేవాళ్లు ఇన్ని విడతలు నడపలేరు, వాళ్లకి స్టీల్ పిన్నుల తడి టంబ్లరే మేలు.