రీటాతో కొన్నేళ్లు: సహాయ సామగ్రి లెక్క ఎక్కడ తేలుతుంది

సహాయ సంస్థల గోడౌన్లలో పనిచేసే వాళ్లకు రీటా పేరు కొత్త కాదు. పూర్తి పేరు రిలీఫ్ ఐటమ్ ట్రాకింగ్ అప్లికేషన్. విపత్తు వచ్చిన చోట అనేక సంస్థల సరుకును ఒకే గోడౌన్‌లో దించి, ఒకే లారీలో ఎక్కించి పంపవలసి వచ్చినప్పుడు, ఏ సరుకు ఎవరిది, ఎప్పుడు దిగింది, ఎంత బయలుదేరింది, ఎంత చేరింది అనే లెక్క ఉంచడానికి లాజిస్టిక్స్ క్లస్టర్ (రవాణా, నిల్వల పనిని కలిసి చూసుకునే సహాయ సంస్థల కూటమి) దీన్ని వాడుతుంది. నేపాల్ భూకంపం తర్వాతి నెలల్లోనూ, ఆ తర్వాత బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌లోనూ, సరుకు పంపే సంస్థ తరఫున నేను ఈ లెక్కల మీద ఆధారపడి పనిచేశాను. కొత్తగా ఈ రంగంలోకి వస్తున్న తెలుగు యువత చాలామంది దీని గురించి అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఇది నమ్మదగిన పనిముట్టు. దీని బలమంతా సరుకు చేతులు మారే ప్రతిచోటా ఇచ్చినవారి సంతకం, పుచ్చుకున్నవారి సంతకం పడి తీరేలా చేయడంలోనే ఉంది.

ముందుగా పని జరిగే తీరు చెప్పాలి. మానవతా సహాయ వ్యవస్థలో 2005లో వచ్చిన సంస్కరణలతో ఒక్కొక్క రంగానికి ఒక్కొక్క క్లస్టర్ ఏర్పడింది. రవాణా, నిల్వల క్లస్టర్‌కు ప్రపంచ ఆహార కార్యక్రమం నాయకత్వం వహిస్తుంది. సరుకు పంపదలచిన సంస్థ ఒక అభ్యర్థన పత్రం నింపి ఇస్తుంది. అందులో వస్తువు, ప్యాకింగ్, సంఖ్య, బరువు, ఘనపరిమాణం, ఎక్కడి నుంచి ఎక్కడికి, అక్కడ ఎవరు దించుకుంటారు అన్నవి ఉంటాయి. దాన్ని అంగీకరించాక ఆ సరుకు మొత్తానికి ఒక కన్‌సైన్‌మెంట్ గుర్తింపు వస్తుంది. గోడౌన్‌లో దిగినప్పుడు రసీదు, ఉన్నన్నాళ్లు స్టాక్ కార్డు, బయటికి పోవాలంటే యజమాని ఇచ్చే రిలీజ్ ఆర్డర్, లారీతో పాటు వేబిల్ (అందులోని సరుకు వివరాలు రాసిన రవాణా చీటీ), చేరిన చోట దాని మీద సంతకం. ఈ కాగితాల్లోని అంకెలను క్లస్టర్ సిబ్బంది రీటాలో ఎక్కిస్తారు, అక్కడి నుంచి వచ్చే నివేదికలు మాకు అందుతాయి. ఇందులో ఒక ముఖ్యమైన విషయం చాలామంది గమనించరు. గోడౌన్ ఎవరిదైనా, లారీ ఎవరిదైనా, సరుకు మీద యాజమాన్యం మాత్రం పంపిన సంస్థదే. కాబట్టి ఆ సరుకు గమ్యం మార్చాలన్నా, ఇంకొకరికి ఇవ్వాలన్నా మన సంతకం లేకుండా కదలదు. అత్యవసర సమయంలో ఈ నియమం కొందరికి విసుగు తెప్పిస్తుంది. నాకైతే ఇదే అన్నిటికంటే పెద్ద భరోసా అనిపించింది, ఎందుకంటే చివరకు దాతకు లెక్క చెప్పవలసింది మనమే.

2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చేనాటికి, కఠ్మాండూ త్రిభువన్ విమానాశ్రయం పక్కన సహాయ సామగ్రి కోసం కట్టిన స్టేజింగ్ ఏరియా (సరుకు దించి, సర్ది, ముందుకు పంపే స్థలం) ప్రారంభమై నెల రోజులే అయింది. అది లేకపోయి ఉంటే ఒకే ఒక్క రన్‌వే ఉన్న ఆ విమానాశ్రయంలో ఏం జరిగేదో ఊహించడం కష్టం. ఉన్నప్పటికీ ఇబ్బందులు తప్పలేదు. రన్‌వే దెబ్బతినడంతో మే మొదట్లో 196 టన్నులకు మించిన విమానాలను దిగనివ్వలేదు. అందువల్ల పెద్ద విమానంలో ఒకేసారి రావలసిన సరుకు మరోచోట దిగి, విడిపోయి, చిన్న విమానాల్లో కొంత, భారతదేశం మీదుగా లారీల్లో కొంత చేరేది. అంటే ఒకే ప్యాకింగ్ లిస్టు మీద ఉన్న సరుకు మూడు దారుల్లో మూడు తేదీల్లో వచ్చేది. కఠ్మాండూ నుంచి గోర్ఖా వైపు దేవురాలీకి, సింధుపాల్‌చోక్ వైపు చౌతారాకు వెళ్లేది. అక్కడ పెద్ద లారీ నుంచి చిన్న లారీలోకి, కొన్నిచోట్ల హెలికాప్టర్‌లోకి, మరికొన్నిచోట్ల కంచరగాడిదల మీదికి మారేది. ఇన్నిసార్లు చేతులు మారే సరుకుకు లెక్క కుదరడమే గొప్ప అని అప్పట్లో అనుకునేవాళ్లం.

లెక్క ఎలా కుదురుతుందో ఒక లోడు దించే పద్ధతి చూస్తే అర్థమవుతుంది. లారీ వెనక తలుపు తీయకముందే స్టోర్‌కీపర్ డ్రైవర్ దగ్గరి వేబిల్ ప్రతులు తీసుకుని, లారీ నంబరు, సీలు నంబరు సరిపోల్చుకుంటారు. హమాలీలు దించుతున్నప్పుడు ఒక మనిషి తలుపు దగ్గర నిలబడి బేళ్లు ఐదేసి చొప్పున గీతలు పెడతారు. లోపల దొంతి దగ్గర ఇంకొకరు విడిగా లెక్కపెడతారు. ఇద్దరి లెక్కా ఒకటయ్యాకే వేబిల్ అడుగున ఉన్న గడులు నింపుతారు. మంచి స్థితిలో వచ్చినవి ఎన్ని, తడిసినవి లేదా చిరిగినవి ఎన్ని, రానివి ఎన్ని అని మూడు గడులు. ఈ మూడూ కలిపితే పంపిన సంఖ్య రావాలి. డ్రైవర్ సంతకం, పుచ్చుకున్నవారి సంతకం పడ్డాక ఒక ప్రతి డ్రైవర్‌తో వెనక్కి వెళుతుంది, రవాణాదారుకు కిరాయి రావాలంటే ఆ ప్రతే ఆధారం. ఆ ఒక్క ఏర్పాటు వల్ల వేబిల్ పోకుండా తిరిగి వస్తుంది. దీన్ని రూపొందించిన వారి అనుభవాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

ఈ పద్ధతి విలువ తరుగు వచ్చినప్పుడు తెలుస్తుంది. మా దుప్పట్ల లోడు ఒకటి గ్రామానికి చేరేసరికి కొన్ని బేళ్లు తగ్గాయి. గ్రామంలో పంపిణీ చేసే బృందం గోడౌన్‌ను అనుమానించింది, గోడౌన్ వాళ్లు డ్రైవర్‌ను అనుమానించారు. కాగితాలు వరుసగా పెట్టి చూస్తే, కఠ్మాండూలో దిగినప్పటి రసీదులోనే ఆ తరుగు నమోదై ఉంది. సరఫరాదారు ప్యాకింగ్ లిస్టులో రాసినన్ని బేళ్లు అసలు ఎక్కించనే లేదు. ఒక పూటలో విషయం తేలిపోయింది, నింద మోయవలసిన అవసరం ఏ డ్రైవర్‌కూ రాలేదు. ప్రతి అప్పగింత దగ్గరా అంకె విడిగా ఉండబట్టే ఏ రెండు చోట్ల మధ్య సరుకు తగ్గిందో చెప్పగలిగాం. మొదట ఎంత పంపారు, చివర ఎంత అందింది అన్న రెండంకెలే ఉంటే ఆ గొడవ నెలలు సాగేది.

ఇక ఏ వ్యవస్థకైనా పరీక్ష పెట్టేవి యూనిట్లు. సహాయ సంస్థలు వాడే ప్రామాణిక టార్పాలిన్ పరదా 4 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు ఉంటుంది. ఐదేసి కలిపి ఒక బేలుగా కడతారు. అభ్యర్థన పత్రంలో 500 అని మాత్రం రాస్తే అవి పరదాలో బేళ్లో గోడౌన్‌కు తెలియదు, తేడా ఐదు రెట్లు. నేపాల్‌లో ఇంటికప్పు రేకుల విషయం ఇంకా చిక్కు. అక్కడ రేకులను బండిల్ లెక్కన అమ్ముతారు, బండిల్ అంటే మొత్తం 72 అడుగుల నిడివి. పన్నెండడుగుల రేకులైతే బండిల్‌కు ఆరు వస్తాయి, తొమ్మిదడుగులవైతే ఎనిమిది వస్తాయి. గోడౌన్‌లో బండిళ్ల లెక్క సరిగ్గా ఉన్నా, గ్రామంలో కుటుంబానికి ఇన్ని రేకులని జాబితా రాసుకున్న వాళ్ల దగ్గరికి వచ్చేసరికి అంకెలు కలవవు. కంప్యూటర్ దీన్ని తనంతట తాను సరిదిద్దలేదు. అందుకే మా సంస్థ నుంచి వెళ్లే ప్రతి పత్రంలోనూ బండిల్ సంఖ్య పక్కనే రేకు పొడవు, రేకుల సంఖ్య రాయడం తప్పనిసరి చేశాం. ఆ రెండు అదనపు గడుల వల్ల తర్వాత ఆదా అయిన సమయం అంతా ఇంతా కాదు.

తేదీల సంగతీ అలాంటిదే. నేపాల్‌లో వ్యాపారులు, రవాణాదారులు విక్రమ సంవత్సరం వాడతారు. భూకంపం వచ్చిన రోజు వాళ్ల కాగితాల్లో 2072 వైశాఖం 12. స్థానికంగా కొన్న సరుకుతో వచ్చే చలాన్ మీద ఆ తేదీ దేవనాగరి అంకెల్లో ఉంటుంది, వేబిల్ మీద ఇంగ్లీషు తేదీ ఉంటుంది. ఆడిట్‌కు వచ్చినవారికి ఈ రెండూ ఒకే సరుకువని చూపించాలంటే దించుకున్న రోజునే చలాన్ మీద రెండో తేదీ రాసి, కన్‌సైన్‌మెంట్ గుర్తింపు కూడా వేయాలి. మాకు ఈ అలవాటు నేర్పింది కఠ్మాండూలోని ఒక స్థానిక స్టోర్‌కీపర్. సాఫ్ట్‌వేర్ శిక్షణలో నేర్చుకున్నదానికంటే ఆయన దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ.

రీటా నుంచి ఆశించకూడనివి కొన్ని ఉన్నాయి. ఇది లారీని వెంబడించే పరికరం కాదు. సరుకు ‘రవాణాలో ఉంది’ అంటే చివరి సంతకం నుంచి తర్వాతి సంతకం దాకా ఉన్న కాలం అని మాత్రమే అర్థం. 2015 సెప్టెంబరు చివర నుంచి నేపాల్ దక్షిణ మైదానమైన తరాయి సరిహద్దులో రాకపోకలు నిలిచిపోయి, నేపాల్ పట్టణం బీర్‌గంజ్‌కు ఇవతల, భారత్ వైపున్న రక్సౌల్‌లో లారీలు వారాల తరబడి బారులు తీరినప్పుడు, దేశం లోపల డీజిలు దొరకనప్పుడు, ఆ ఒక్క మాటే నివేదికల్లో కొనసాగింది. అది అబద్ధం కాదు, కానీ చలికాలంలోపు దుప్పట్లు పంచాలని తొందరపడుతున్న మాకు కావలసిన సమాచారం అది కాదు. కారణం, అంచనా తేదీ కోసం ఫోన్లు చేయక తప్పలేదు. ఆ అనుభవం తర్వాత మా సొంత పట్టికలో ఒక వరుస పెంచుకున్నాం: చివరిసారి మాట్లాడింది ఎవరితో, ఎప్పుడు, ఏమన్నారు.

దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతి మన విశాఖపట్నంతో ముడిపడి ఉంది. నేపాల్‌కు సముద్రం లేదు కాబట్టి విదేశాల నుంచి వచ్చే కంటైనర్లు ఎంతోకాలంగా కోల్‌కతా, హల్దియా రేవుల మీదుగా వెళుతున్నాయి. తర్వాత విశాఖ రేవు నుంచి కూడా బీర్‌గంజ్‌కు రైల్లో పంపే వీలు కలిగింది. 2019 నుంచి ఈ దారుల్లో కంటైనర్ తలుపుకు ఎలక్ట్రానిక్ సీలు వేసి, జీపీఎస్ ద్వారా అది ఎక్కడుందో కనిపెడుతున్నారు. దారిలో సీలు తెరిస్తే వెంటనే కస్టమ్స్‌కు తెలుస్తుంది. రక్సౌల్‌లో లారీలు నిలిచిపోయిన రోజుల్లో మాకు ఇలాంటిది ఉండి ఉంటే ఎంత మేలు జరిగేదో! అయితే ఆ సీలు కంటైనర్ గురించే చెబుతుంది. లోపల ఎన్ని పెట్టెలు ఎవరివి, అవి బీర్‌గంజ్‌లో విడగొట్టాక ఏ గోడౌన్‌కు పోయాయి అన్నది మళ్లీ వేబిళ్లే చెప్పాలి. రెండూ కలిసి ఉండాలన్నదే నా కోరిక, ఒకదాని బదులు మరొకటి పనికిరాదు.

కొండల్లో వ్యవస్థ పూర్తిగా కాగితం మీదే నడుస్తుంది. లారీ వెళ్లలేని గ్రామాలకు పోర్టర్లు, కంచరగాడిదలు సరుకు మోసుకెళ్లేటప్పుడు బేళ్లను విప్పి, మోయగల బరువుకు తగ్గట్టు చిన్న మూటలు కట్టాలి. అక్కడితో గోడౌన్ యూనిట్ మారిపోతుంది. బేలు విప్పిన చోటే ‘ఇన్ని బేళ్లు విప్పి ఇన్ని పరదాలు పంపాం’ అని ఒక కాగితం రాయించి, దారి చివర గ్రామపెద్దల ఎదుట పరదాల లెక్కతో సంతకం తీసుకోవడం మేం పాటించిన పద్ధతి. నెట్‌వర్క్ లేని ఆ ఊళ్ల నుంచి కాగితం కిందికి వచ్చి, రీటాలోకి ఎక్కేసరికి రోజులు పట్టేది. ఆ ఆలస్యాన్ని నేను లోపంగా చూడను. ఏ ఊరికి ఎంత చేరిందో కచ్చితంగా తెలియడం నాకు ముఖ్యం. తొందరపడి ‘చేరింది’ అని రాసి, తర్వాత దిద్దుకునే వ్యవస్థ కంటే ఇదే మేలు.

రోజూ వాడేవారికి ఎక్కువ ఉపయోగపడే నివేదిక నిల్వ కాలం చూపించేది. ఏ సంస్థ సరుకు ఎన్నాళ్లుగా గోడౌన్‌లో ఉందో అందులో తెలిసిపోతుంది. రిలీజ్ ఆర్డర్ రాక కదలని పెట్టెలు, ఎవరూ అడగకపోయినా వచ్చిపడిన సామగ్రి చోటును ఎలా తినేస్తాయో సమావేశంలో ఆ పట్టిక పెడితే వాదన అక్కర్లేదు. పది మీటర్ల వెడల్పు, ముప్పై రెండు మీటర్ల పొడవున్న డేరా గోడౌన్ చూడటానికి పెద్దదే కానీ, దొంతుల మధ్య నడిచే దారి వదిలాక మిగిలే చోటు కొద్ది. కాక్స్ బజార్‌లో 2017 ఆగస్టు తర్వాత రోహింగ్యా శరణార్థులు లక్షల్లో వచ్చినప్పుడు, వానాకాలం ముంచుకొస్తుంటే చోటు కోసం అదే ఒత్తిడి చూశాను. అక్కడ మందుల పెట్టెల విషయంలో మాత్రం ముందు వచ్చినవి ముందు పంపే పద్ధతి పనికిరాదు, ముందు గడువు ముగిసేవి ముందు పోవాలి. కాబట్టి బ్యాచ్ నంబరు, గడువు తేదీల జాబితాను పంపే సంస్థే తన దగ్గర విడిగా ఉంచుకోవాలని నా సలహా.

పెద్ద వ్యవస్థ ఏదీ అందుబాటులో లేని స్వచ్ఛంద బృందాలు కూడా దీనిలోని సారాన్ని వాడుకోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం నీట మునిగినప్పుడు, సాయం తెచ్చిన ఒక మిత్రబృందానికి స్టేషనరీ దుకాణంలో దొరికే మూడు ప్రతుల చలాన్ పుస్తకమే ఇప్పించాను. ప్రతి ఆటోకు ఒక చలాన్, పంపినవారి సంతకం, దించుకున్నవారి సంతకం, అడుగున ఆ మూడు గడులు: బాగున్నవి, తడిసినవి, రానివి. చలాన్ నంబర్లు పుస్తకంలో ముందే అచ్చయి ఉంటాయి కాబట్టి, ఏది తిరిగి రాలేదో రాత్రి కూర్చుని చూసుకుంటే తెలిసిపోతుంది. రాని చలాన్‌కు సంబంధించిన వీధికి మర్నాడు పొద్దున్నే ఫోన్ చేయాలి, ఆ సరుకు చేరిందని సంతకం వచ్చేదాకా అదే ఆటోకు రెండో లోడు ఇవ్వకూడదు.