షానన్–వీవర్ మోడల్ రివ్యూ: ఆ ఐదు గడులు ఎంతవరకు పనికొస్తాయి?

కమ్యూనికేషన్ స్కిల్స్ అని ఎక్కడ క్లాసు పెట్టినా మొదటి స్లైడులో ఈ బొమ్మే ఉంటుంది. వరసగా ఐదు గడులు, వాటి మధ్య బాణాలు, పక్కనుంచి పొడుచుకొచ్చే ఆరో గడి. అమెరికాలో టెలిఫోను పరిశోధనలు చేసే బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే క్లాడ్ షానన్ 1948లో ఆ సంస్థ టెక్నికల్ జర్నల్ జులై, అక్టోబరు సంచికల్లో రాసిన వ్యాసంలోది ఇది. మరుసటి ఏడు గణితవేత్త వారెన్ వీవర్ వ్యాసం కూడా జతచేసి పుస్తకంగా వేశారు. అప్పట్నుంచీ ఇద్దరి పేర్లూ కలిసిపోయాయి. షానన్ లెక్క టెలిఫోను తీగలకు, టెలిగ్రాఫుకు. మనుషుల మాటలకూ దీన్ని వాడొచ్చన్నది వీవర్, ఆ మాట పట్టుకుని వాడేసింది తర్వాతివాళ్ళు. క్లాసులో ఈ ముక్క చెప్పేవాళ్ళు తక్కువ.

ముందు గడుల సంగతి. చెప్పదలుచుకున్న మనిషి సోర్స్. దాన్ని సంకేతంగా మార్చేది ట్రాన్స్‌మిటర్, అది వెళ్ళే దారి ఛానెల్, సంకేతాన్ని విప్పేది రిసీవర్, అందుకునే మనిషి డెస్టినేషన్. దారిలో కలిసే గోల నాయిస్. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు సోర్సూ ట్రాన్స్‌మిటరూ ఒకే మనిషిలో ఉంటాయి: ఒకటి బుర్ర, ఒకటి నోరు. కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే. ఫోను ఉదాహరణతో మొదలుపెడితే ఈ తిప్పలు ఉండవు.

పేర్లు, అంకెలు, కోడ్లు తప్పు లేకుండా చేరాల్సిన చోట దీన్ని మించింది లేదు. పాన్ నంబరు ఫోన్లో చెప్పడమే తీసుకోండి. అందులో ఆరు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. బి, డి, పి, టి, వి అన్నీ ‘ఈ’ శబ్దంతోనే ముగుస్తాయి, తేడా అంతా మొదటి హల్లులోనే. పాత ఫోను లైన్లు సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నే మోసేవి. ఎస్, ఎఫ్ లాంటి వాటిని విడదీసే బుసబుస చాలామటుకు అంతకు పైన ఉంటుంది కాబట్టి అది దారిలోనే రాలిపోతుంది. అరిచి చెప్పినా లాభం లేదు. ‘బి ఫర్ బొంబాయి, డి ఫర్ ఢిల్లీ’ అనాలి. అంటే అవసరానికి మించి సమాచారం పంపాలి. షానన్ దీన్నే రిడండెన్సీ అన్నాడు.

రిడండెన్సీ మన వాక్యాల్లో సహజంగానే ఉంది. ‘నేను నిన్న వచ్చాను’లో ‘నేను’ వినపడకపోయినా ‘వచ్చాను’ ఆదుకుంటుంది. అంకెల్లో అది ఉండదు, మనమే పెట్టాలి. ఆధార్‌లో పన్నెండో అంకె పని అదే: ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా లెక్క కుదరక దొరికిపోతుంది. మొబైల్ నంబరుకు అలాంటి కాపలా లేదు. ఒక అంకె తప్పితే ఎవరో ఒకరు ‘హలో’ అంటారు.

దారికి ఎంత పడుతుందన్న లెక్క కూడా ఈ మోడల్‌తో బాగా తెలుస్తుంది. ఒక ఎస్సెమ్మెస్‌లో 140 బైట్లే పడతాయి. ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు, తెలుగులో 70. కంటికి ఒక్క అక్షరంలా కనిపించే ‘స్త్రీ’ అందులో ఆరు తినేస్తుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మెసేజి 70 దాటి ముక్కలైతే ముక్కకు 67 చొప్పునే. బల్క్‌గా పంపేవాళ్ళకు బిల్లు ఎందుకు పెరుగుతుందో ఇప్పుడు అర్థమవుతుంది.

వాడే పద్ధతికి పదిహేను నిమిషాలు, ఒక తెల్లకాగితం చాలు. దెబ్బతిన్న మెసేజి ఒక్కటి తీసుకోండి. ‘మా టీములో కమ్యూనికేషన్ బాలేదు’ లాంటిది పనికిరాదు. ఒక్కో గడిలో అక్కడ ఉన్న మాటను ఉన్నదున్నట్టు రాయండి. మాట మొదటిసారి మారిన గడి దగ్గర ఆగండి.

టిఫిన్ సెంటర్‌కు ఫోన్లో ‘ఇరవై ఇడ్లీ’ అని ఆర్డరిచ్చారనుకుందాం. అవతల ‘అరవై’ అని రాసుకుంటే అది నాయిస్. వేరే మాటలు కలిపితే పోతుంది: ‘రెండు, సున్నా, ఇరవై. ప్లేటుకి రెండు చొప్పున ఇరవై ప్లేట్లు, మొత్తం నలభై.’ రెండు లెక్కలు ఒకదాన్నొకటి కాపలా కాస్తాయి. కానీ ‘ఇరవై’ అని సరిగ్గానే విని, ఇరవై ప్లేట్లా ఇరవై ఇడ్లీలా అన్నది పొరపడితే? మాట చెక్కుచెదరకుండా చేరింది. ఏ గడిలోనూ తప్పు లేదు. క్లాసులో అందరూ దీన్నీ తీసుకెళ్ళి నాయిస్ గడిలోనే పడేస్తారు. అలా ఆ గడి చెత్తబుట్ట అయిపోతుంది: ఫ్యాను చప్పుడు, యాస, కోపం, అన్నీ అందులోనే. ఇది వాడేవాళ్ళ తప్పే గానీ, చేసినవాళ్ళు దాచిపెట్టింది కాదు. అర్థంతో ఇంజినీరింగ్ సమస్యకు సంబంధం లేదని షానన్ మొదటి పేజీలోనే రాశాడు. అర్థానికి వేరే నాయిస్ గడి పెట్టాలేమో అని వీవర్ కూడా అన్నాడు.

‘రేపు పొద్దున’ అన్న మాట చూడండి. ‘రేపు పొద్దున రండి’ అంటే తెల్లారాక. ‘రేపు పొద్దున ఏదైనా అయితే ఎవరు బాధ్యులు?’ అంటే ఎప్పుడో. అక్షరాలు అవే. అప్పు అడిగినవాడికి ‘చూద్దాం’ అన్న జవాబూ అంతే. ఇలాంటి వాటికి కమ్యూనికేషన్ పరిశోధకుడు విల్బర్ శ్రామ్ 1954లో ఇచ్చిన బొమ్మలు మేలు. ఇద్దరి అనుభవాలూ ఎంతమేర కలుస్తాయో అక్కడ గీసుకోవాలి.

అర్థానికి చోటు లేకపోవడం మొదటి లోపమైతే, రెండోది ఇంకా పెద్దది. బాణాలన్నీ ఒకే వైపు పోతాయి. ఊకొట్టడానికి ఇందులో చోటు లేదు. ఫోన్లో అవతలి ‘ఊఁ’ రెండు సెకన్లు ఆగితే చాలు, ‘హలో, హలో’ అంటాం. పైగా ఆ ‘ఊఁ’కి వింటున్నానని అర్థం, ఒప్పుకున్నానని కాదు. ఆఫీసుల్లో ‘మెయిల్ పెట్టాను కదా’ అనే వాదనకు బలం ఈ ఒకవైపు బాణమే: పంపినవాడి పని అయిపోయినట్టు చూపిస్తుంది. మందుల కౌంటర్లో ఇది ప్రమాదం. ‘అర్థమైందా?’ అంటే ఎవరైనా ‘ఆఁ’ అనే అంటారు. ‘రాత్రికి ఎన్ని మాత్రలు వేసుకుంటారు, తినకముందా తిన్నాకా?’ అని అడిగితే, రోజుకు రెండన్నది ఒకేసారి రెండుగా విన్న సంగతి అక్కడికక్కడే బయటపడుతుంది.

కాల్ సెంటర్, డెలివరీ, డేటా ఎంట్రీ ట్రైనింగుకు కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. ఇంటర్వ్యూ, కౌన్సెలింగ్, బేరం లాంటి వాటికి వద్దు. స్లైడు ప్రింటు తీసేముందు ఒకటి చూసుకోండి: కింద వెనక్కి తిరిగే ఫీడ్‌బ్యాక్ బాణం గీసి షానన్ పేరు వేసిన బొమ్మలు చాలా తిరుగుతున్నాయి. 1948 నాటి ఆ బొమ్మలో ఆ బాణం లేదు.