కొబ్బరి తోటలో రోటరీ బోరు: మేస్త్రీకి మార్కులు, బండికి కోత

మామిడికుదురు వైపు మాకు కొంచెం కొబ్బరి తోట ఉంది. వేసవిలో కాలువలు కట్టేస్తే చెట్లకి తడి అందదు. పాత ఫిల్టర్ పాయింట్ బోరేమో ఇసుక పట్టి చచ్చిపోయింది. అందుకని ఈ ఏడు కొత్తగా రోటరీ బోరు వేయించాను. వచ్చిన వాళ్లు రావులపాలెం అవతల నుంచి. పేరు రాయను, ఎందుకంటే మంచితో పాటు చెడు కూడా రాయబోతున్నాను, పైగా వాళ్లతో నా లెక్క ఇంకా తేలలేదు. ఈ చుట్టుపక్కల గ్యాస్ బావుల రిగ్గుల మీద చాలాకాలం కాంట్రాక్టు ఫ్లోర్‌మ్యాన్‌గా, అంటే రాడ్లు బిగించి దింపే పనివాడిగా, చేశాను కాబట్టి, ఎవరైనా నేలలోకి రాడ్డు దింపుతుంటే కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. వాళ్లకి నాతో కాస్త విసుగు వచ్చే ఉంటుంది.

ముందు ఒక సంగతి. బోరు అనగానే తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే పెద్ద లారీలు గుర్తొస్తాయి. గాలి ఒత్తిడితో అడుగున సుత్తి కొట్టే ఆ బళ్లు రాతి నేలలకి. మన డెల్టాలో రాయి ఎక్కడుందండీ? ఒండ్రు, ఇసుక, బంకమట్టి, మళ్లీ ఇసుక. ఇక్కడ గాలి కొడితే గోడలు కూలి రాడ్లు ఇరుక్కుంటాయి. "పెద్ద బండి తెప్పిస్తాను, ఒక్క పూటలో అయిపోద్ది" అని ఒక బ్రోకరు నన్ను కూడా ఊదరగొట్టాడు. వినకండి. మనకి కావలసింది తిప్పుతూ, బురదనీళ్లు తోస్తూ దింపే రోటరీయే.

వీళ్ల బండి మాత్రం బాగా పాతది. ఇంజన్ పొగ తోటంతా కమ్మేసింది, బురద (మడ్) తోసే పంపు సీలు దగ్గర కారుతూనే ఉంది. అడుగున నేలని కోసే మొన, అంటే బిట్, చూస్తే మూడు రెక్కలు, అంచులకి అతికించిన చాలా గట్టి కార్బైడ్ ముక్కలు. మా తోటకి కాపలా ఉండే కుర్రాడు "ఇదేంటి బాబాయ్, ఫోన్లో చూపించే పళ్ల చక్రాల బిట్ లేదా వీళ్ల దగ్గర?" అన్నాడు. ఆ పళ్ల బిట్ కథ వేరు. అమెరికాలో హోవర్డ్ హ్యూస్ సీనియర్ 1909లో రెండు శంకువులు తిరిగే బిట్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు చమురు బావుల్లో కూడా చేపతోక ఆకారంలో ఉండే బిట్‌తో గీకడమే. మెత్తని నేలలో బాగానే దిగేది, గట్టి రాయి తగిలితే అరిగిపోయేది. 1933 నాటికి హ్యూస్ కంపెనీ ఇంజనీర్లు మూడు శంకువుల ట్రైకోన్ తెచ్చారు, నేను రిగ్గు మీద ఎక్కువగా చూసింది అదే. తర్వాత పీడీసీ బిట్లు వచ్చాయి, 1970ల్లో పుట్టిన కృత్రిమ వజ్రం పలకలతో. వాటిలో తిరిగే భాగమే ఉండదు, రాయిని గీకి కోస్తాయి. అంటే అంత పెద్ద చమురు పరిశ్రమ తిరిగి తిరిగి గీకుడు దగ్గరికే వచ్చింది, కాకపోతే వజ్రం పెట్టుకుని! కాబట్టి మన ఒండ్రులో రెక్కల బిట్‌కి నేను మార్కులు కోయను. ఒక రెక్కకి కార్బైడ్ ముక్క ఊడిపోయి ఉంటే మాత్రం చూపించాను. మేస్త్రీ గొణుక్కోకుండా వేరే బిట్ బిగించాడు.

ఇక బురద. ఈ బృందానికి నేను పెట్టే మార్కుల్లో సగం దీనికే. బండి పక్కన రెండు గుంటలు తవ్వి మధ్యలో చిన్న బోదె తీశారు. బోరులోంచి పైకొచ్చే బురద మొదటి గుంటలో పడి, ఇసుక అక్కడ దిగిపోయి, తేటగా ఉన్నది రెండో గుంటలోకి జారుతుంది. పంపు గొట్టం అందులో ఉంటుంది. నీళ్లలో బెంటొనైట్, అంటే తడిస్తే ఉబ్బే బంకమట్టి పొడి, కలిపారు, పైన కాస్త పేడ కూడా. పేడ చూసి నవ్వుకునేవాళ్లకి ఒక మాట. 1901 జనవరిలో టెక్సస్‌లో పొంగిన స్పిండిల్‌టాప్ చమురు బావిని తవ్వేటప్పుడు, ఇసుక పొరలో గోడలు నిలబడక హామిల్ సోదరులు నీటి గుంటలోకి పశువుల్ని తోలి తొక్కించి బురద చేయించారని చెబుతారు. డ్రిల్లింగ్ మడ్ పుట్టుక గురించి ఎక్కువగా వినిపించే కథ అది. బురద చేసే పని ఈనాటికీ అదే: కోసిన మట్టిని పైకి మోసుకురావాలి, బిట్‌ని చల్లబరచాలి, గోడకి పలచని పూత పట్టించి అది కూలకుండా నిలబెట్టాలి. లోతు గ్యాస్ బావుల్లో ఇంకో పని కూడా ఉంటుంది, లోపలి ఒత్తిడిని తన బరువుతో అణచడం. అందుకోసం బెరైటీస్ పొడి కలుపుతారు. నీటికి నాలుగు రెట్లకు పైగా బరువుండే ఖనిజం అది, మన మంగంపేటలో దొరికేదే.

మేస్త్రీ మడ్ చూసే పద్ధతి నాకు బాగా నచ్చింది. చెయ్యి మణికట్టు దాకా ముంచి, పైకి తీసి, వేళ్లు కిందికి వేలాడదీస్తాడు. చుక్కలు తెగి పడుతున్నాయా, తీగలా సాగుతున్నాయా అని చూస్తాడు. గోళ్లు కనిపిస్తే పలచన అయిందని ఇంకో అర బస్తా పోయిస్తాడు. రిగ్గు మీద మాకు దానికి మార్ష్ ఫన్నెల్ ఉండేది. 1931 నాటి వస్తువు, చూడ్డానికి పెద్ద గరాటు. అందులోంచి క్వార్టు మంచినీళ్లు, అంటే 946 మిల్లీలీటర్లు, 26 సెకన్లలో కారతాయి. మడ్‌కి అంతకన్నా ఎంత ఎక్కువ పడుతుందో చూసి చిక్కదనం చెబుతాం. ఈ మేస్త్రీ చేతికి గడియారం లేదు. కానీ ఇసుక పొర తగిలిన ప్రతిసారీ, గోడ కూలకముందే, చిక్కదనం సరిచేశాడు. ఒక్కసారి కూడా రాడ్లు పట్టేయలేదు.

ఒక విషయంలో మాత్రం గట్టిగా కేకలేశాను. హెల్పర్ కుర్రాడు బోరు మూతి పక్కనే కూర్చుని బీడీ ముట్టించాడు. కోనసీమలో నీళ్ల బోర్లలోంచి కూడా అప్పుడప్పుడు గ్యాస్ పొంగిన వార్తలు చూస్తూనే ఉన్నాం. మీథేన్‌కి వాసన ఉండదు. వంట సిలిండర్ వాసన కావాలని కలిపింది, నేలలోంచి వచ్చేదానికి అది ఉండదు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో గ్యాస్ అదుపు తప్పి పొంగి (దాన్నే బ్లోఅవుట్ అంటారు) అంటుకున్న మంట 65 రోజులు మండింది. మా ఈడు వాళ్లకి అది విన్న కథ కాదు, కళ్లారా చూసింది. చమురు బావుల్లో మూతి మూసేయడానికి 1922లో హ్యూస్టన్‌లో అబర్‌క్రాంబీ, కామెరాన్ కలిసి బ్లోఅవుట్ ప్రివెంటర్ తయారుచేశారు. నీళ్ల బోరు మీద దాన్ని ఎవరూ పెట్టరు, అంత ఖర్చూ అవసరం లేదు. బీడీ మాత్రం నలభై అడుగులు అవతలకెళ్లి తాగమన్నాను. మేస్త్రీ "ఆయ్, పెద్దాయన చెప్పింది నిజమేరా" అని వాణ్ణి లేపాడు.

అసలు పేచీ లోతు దగ్గర వచ్చింది. వీళ్ల రేటు అడుగుల లెక్కన. ఎంత లోతు దిగితే వాళ్లకి అంత డబ్బు. మన తీరం వైపు చాలా చోట్ల మంచినీళ్లు పై ఇసుకలోనే ఉంటాయి, కింద ఉప్పునీరు. ఇంకో రెండు రాడ్లు దింపితే నీళ్లు ఎక్కువ పడవు, ఉప్పు తగులుతుంది. మా పక్క తోటాయనకి వేరే బృందం చేసింది ఇదే. ఆ నీళ్లు కట్టాక ఆయన కొబ్బరి మొక్కల ఆకులు చివర్ల నుంచి మాడిపోయాయి. బోరు తవ్వుతుండగా నోట్లో వేసుకుని చూద్దామన్నా లాభం లేదు, పైకొచ్చేది మనం పోసిన బురదనీళ్లే కదా.

దీనికి మందు 1927 నుంచీ ఉంది. ఆ సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని పెషెల్‌బ్రాన్ చమురు బావిలోకి ష్లంబర్జే సోదరుల మనుషులు ఎలక్ట్రోడ్లు దింపి, మట్టుమట్టుకీ ఆగి కరెంటు నిరోధం కొలిచి, చేత్తో గ్రాఫ్ గీశారు. దీన్నే లాగింగ్ అంటారు. ఉప్పునీళ్లున్న ఇసుకలో కరెంటు సులువుగా పోతుంది, మంచినీళ్లున్న ఇసుకలో పోదు. బంకమట్టిలోనూ సులువుగానే పోతుంది కాబట్టి పైకొచ్చిన మట్టి నమూనాతో కలిపి చూసుకోవాలి. కేసింగ్ పైపు దింపకముందే, బోరు బురదతో నిండి ఉండగా చేసే పని ఇది. నీళ్ల బోర్లకీ చేస్తారు. వీళ్లని అడిగితే "అది గవర్నమెంటోళ్లు చేసుకుంటారండీ" అన్నారు. కొత్త ఇంజనో పెద్ద బండో కొనే ముందు ఈ బృందం కొనాల్సింది బోరులోకి దింపి నిరోధం కొలిచే ఆ ఒక్క ప్రోబ్. మీరు ఎవరిని పిలిచినా మొదట లాగింగ్ సంగతి అడగండి. లేదంటే మొత్తం పనికి ఒక ధర మాట్లాడుకోండి, అప్పుడు ఎవరికీ లోతు మీద ఆశ ఉండదు. నేను ముతక ఇసుక దాటి నల్లబంక తగలగానే ఆపించేశాను. మేస్త్రీ మొహం మాడ్చుకున్నా ఆగాడు. నీళ్లు తియ్యగానే ఉన్నాయి.

పైపులు సరిగ్గానే దించారు. కన్నాల పైపు ముతక ఇసుకకి ఎదురుగా వచ్చింది, అడుగున మూత బిగించారు. చుట్టూ పోయడానికి తెచ్చిన గ్రావెల్ నిండా దుమ్ము. కడిగించాకే పోయనిచ్చాను. చివర బోరు కడగడం దగ్గర మాత్రం తొందరపడ్డారు. డ్రిల్లింగ్ అప్పుడు గోడని కాపాడిన బెంటొనైట్ పూతే, తీసేయకపోతే, తర్వాత నీళ్లకి అడ్డుపడుతుంది. అది పోయి, సన్న ఇసుక రావడం ఆగేదాకా కంప్రెసర్‌తో గాలి కొడుతూనే ఉండాలి. నీళ్లు కాస్త తేటపడగానే వీళ్లు గొట్టాలు చుట్టేశారు. వేరే ఊళ్లో బండి కోసం ఎదురుచూస్తున్నారట. ఇప్పుడు మోటారు వేస్తే బకెట్ అడుగున ఇంకా సన్న ఇసుక మిగులుతోంది. ఇలాగే నడిపితే మోటారులో నీళ్లు తోసే రెక్కలు (ఇంపెల్లర్లు) అరిగిపోతాయి.

కంప్రెసర్ మళ్లీ తెచ్చి కడిగి ఇస్తానని మేస్త్రీ ఫోన్లో ఒప్పుకున్నాడు. మిగతా డబ్బు అప్పుడే ఇస్తానని నేనూ చెప్పేశాను. వచ్చి కడిగాక ఇసుక ఆగిందో లేదో ఇక్కడే కింద రాస్తాను.