అద్దె కరారు ఫారం, ప్రోనోటు: ఐదు మార్కులకు ఏది ఎంత?

విజయనగరంలో స్టేషనరీ కొట్టుకెళ్లి అడిగితే రెండు అచ్చు కాగితాలు చేతిలో పెడతారు. ఒకటి అద్దె కరారునామా, రెండోది ప్రోనోటు. మేడ మీద పోర్షన్ అద్దెకిచ్చేవాళ్లకి మొదటిది, చేబదులు అడిగే చుట్టాలున్నవాళ్లకి (అంటే అందరికీ) రెండోది. ప్రోనోటుకి ఐదుకి నాలుగు మార్కులు వేయొచ్చు. కరారు ఫారానికి రెండు కూడా ఎక్కువే.

కరారులో '11 నెలలు' అని ముందే అచ్చేసి ఉంటుంది. ఏడాది దాటకపోతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న లెక్కతో వచ్చిన అంకె అది. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణతో రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ మారింది, గడువు ఎంతైనా లీజు పత్రాన్ని రిజిస్టర్ చేయాల్సిందే. చేయించకపోతే అందులోని షరతుల్ని కోర్టులో సాక్ష్యంగా నిలబెట్టడం కష్టం. అందుకే అద్దె, అడ్వాన్సు బ్యాంకు ద్వారా తీసుకోవడం మేలు. కాగితం నిలవని చోట పాస్‌బుక్కు పనికొస్తుంది.

అసలు తగువు కరెంటు దగ్గర వస్తుంది. ఫారంలో 'కరెంటు బిల్లు అద్దెదారుడే చెల్లించాలి' అన్న ఒక్క ముక్కే ఉంటుంది. కింద ఇంటివారు, పైన అద్దెకున్నవారు, ఇద్దరికీ ఒకే మీటరు అనుకోండి. 2022లో మార్చిన గృహ వినియోగ శ్లాబులు ఇవి, యూనిట్‌కి రూపాయల్లో: మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75. చెరో 150 యూనిట్లు వాడితే విడిగా ఒక్కొక్కరికి 567 రూపాయలు, ఇద్దరికీ 1,134. అదే ఒక మీటరు మీద 300 యూనిట్లయితే 1,673. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకాలు వదిలేస్తేనే నెలకి 539 తేడా. సబ్‌మీటరు పెట్టినా ఇది పోదు. దాంతో ఎవరి యూనిట్లు ఎన్నో తెలుస్తాయి గానీ శ్లాబు మొత్తం మీదే పడుతుంది. రెండో మీటరు తీసుకోనిది ఇంటివారు కాబట్టి ఆ తేడా వాళ్లే భరించడం న్యాయం. ఎవరు భరించినా ఫారం వెనక రాసుకోవాలి. దిగిన రోజు మీటరు రీడింగు, ఫ్యాన్లు, కుళాయిల లెక్క, ఖాళీ చేసేటప్పుడు రంగులకి ఎంత పట్టుకుంటారో రూపాయల్లో, మిగిలిన అడ్వాన్సు ఎన్ని రోజుల్లో ఇస్తారో కూడా అక్కడే రాయాలి. వీటికి ఫారంలో ఖాళీలే లేవు.

అద్దెకొచ్చింది మేనల్లుడైతే ఇంకో చిక్కు. ఏడు వేల పోర్షన్ ఐదు వేలకి ఇస్తే కరారులో ఏడు వేలే రాసి, రెండు వేల తగ్గింపు ఫలానా నెల దాకా అని పక్కన రాయాలి. ఐదని రాస్తే అదే అసలు అద్దె అయిపోతుంది, పెంచిన రోజున అత్తయ్య దగ్గర పంచాయితీ.

ప్రోనోటు ఫారం మాత్రం ముచ్చటగా కుదిరింది. 'మీరు కోరిన తక్షణం మీకు గానీ, మీ అనుమతి పొందిన వారికి గానీ' అన్న వాక్యం అందులో ఉందో లేదో చూసి కొనండి. ఆ వాక్యం లేకుండా సాక్షి సంతకం చేయిస్తే అది ప్రోనోటు కాక, స్టాంపు లెక్క వేరుగా ఉండే బాండు కిందికి పోయే ప్రమాదముంది. 'సిరిమాను పండక్కి ఇచ్చేస్తాను' అని బావగారు అంటారు. ఆ గడువు నోటులో రాయకూడదు, రాస్తే కోరిన తక్షణం చెల్లించే నోటు కాకుండా పోయి స్టాంపు లెక్క మారిపోతుంది. రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడేలా చేయించాలి. వేరే పత్రాలకి స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి గట్టెక్కొచ్చు, ప్రోనోటుకి ఆ దారి లేదు. అప్పు ఎంతో రాయని ఖాళీ నోటు మీద సంతకం తీసుకోవద్దు, పెట్టొద్దు.

వడ్డీ 'నూటికి రెండు' అని రాసేముందు అది ఏడాదికి 24 శాతమని ఇద్దరూ గుర్తుపెట్టుకోవాలి. ఇరవై వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం, కాబట్టి ఖాతాకి పంపాలి. కోర్టుకెళ్లడానికి నోటు వయసు మూడేళ్లు. ఆ లోపు కొంత ముట్టినప్పుడు నోటు వెనక తేదీ, మొత్తం వేసి అప్పు తీసుకున్నవారి సంతకం పెట్టిస్తే మళ్లీ మూడేళ్లు. ఫోన్‌పేలో వాయిదా పంపారని ఊరుకోవద్దు, దానికీ వెనక సంతకం ఉండాలి. చాలామంది నోటు పోగొట్టుకునేది ఇక్కడే.

నాలుగే మార్కులు ఎందుకంటే, ఆ వెనక వైపు గీతలు లేక మూడు చెల్లులు రాసేసరికి గజిబిజి అవుతుంది. 'నా మీద నమ్మకం లేదా' అన్న మాటకి ఏ ఫారమూ జవాబివ్వదు. 'ఉంది బావా, లెక్క మర్చిపోతామని రాసుకుంటున్నాం' అంటే సరిపోతుంది. రాకపోయినా పర్లేదనుకున్న మొత్తానికైతే నోటే వద్దు, ఇచ్చేసి మర్చిపోవడమే. ఫారాలు రెండేసి కొనండి, ఒకటి ఎలాగూ కొట్టివేతలతో పాడవుతుంది. రెవెన్యూ స్టాంపులు కొట్లో లేకపోతే పోస్టాఫీసులో అడగండి.