తలంబ్రాల దగ్గర బయటపడింది: హ్యాండ్‌బ్రేక్‌తో ఆరేళ్లు

వీడియోలను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్ ఉచితమని, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుందని అందరికీ తెలిసిందే. ఆరేళ్లుగా నేను దాన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే, నాణ్యతను ఎంచుకునే ఆర్‌ఎఫ్ స్లైడర్.

అంతకుముందు వాడిన కన్వర్టర్‌లో ఫైలు 700 ఎంబీ దాటకూడదని పెట్టేవాణ్ని. 2004 నాటి మా అక్క పెళ్లి డీవీడీని అలా మారిస్తే, తలంబ్రాలు రాగానే ముఖాలు గళ్లుగళ్లుగా విడిపోయేవి. వీడియోను కుదించడమంటే చాలావరకు ముందు ఫ్రేములో, అంటే ముందు బొమ్మలో ఉన్నదాన్ని మళ్లీ రాయకుండా, మారినంత మేరకే రాయడం. మంటపం, పూలదండలు కదలవు కాబట్టి వాటికి ఖర్చు తక్కువ. గుప్పెళ్లకొద్దీ ఎగిరే బియ్యానికి పాత ఫ్రేములో పోలిక దొరకదు. ఆర్‌ఎఫ్‌తో సైజు మనం చెప్పం, నాణ్యత చెబుతాం. అంకె తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైలు పెరుగుతుంది. 20 పెట్టాను. హ్యాండ్‌బ్రేక్ మంత్రాల దగ్గర పొదుపు చేసి, తలంబ్రాలకు ధారాళంగా ఖర్చుపెట్టింది. ఎంత మురిసిపోయానో!

ఆ మురిపెం సంక్రాంతి దాకానే. అందరం హాల్లో కూర్చుని పెన్‌డ్రైవ్ పెద్ద టీవీకి పెట్టాం. ఫోన్‌లో శుభ్రంగా కనిపించిన వీడియోలో, చెయ్యి ఎత్తినప్పుడల్లా అంచున అడ్డగీతలు. "అది చెయ్యా, దువ్వెనా?" అన్నాడు బావ. తప్పు నాదే. త్వరగా అయిపోతుందని ఫిల్టర్లన్నీ ఆపేశాను. మన దగ్గర వాడిన పాల్ (PAL) టీవీ పద్ధతి డీవీడీల్లో సెకనుకు 25 ఫ్రేములు. ఆ రోజుల్లో తీసిన ఇలాంటి వీడియోల్లో ఒక్కో ఫ్రేములో రెండు సగాలుంటాయి: సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు సెకనులో 50వ వంతు తర్వాతవి. కదిలే చెయ్యి రెండు చోట్ల ఉంటుంది. వాటిని విడదీయకుండా కుదిస్తే దువ్వెన పళ్లు ఫైల్లోనే ఉండిపోతాయి.

డీవీడీలు పారేయకపోవడం అదృష్టం. ఈసారి దువ్వెన గీతలు తీసే డీకాంబ్ ఫిల్టర్‌లో, సగాలను విడి ఫ్రేములుగా చేసే బాబ్ ఎంచుకుని, ఫ్రేమ్ రేటును అసలు వీడియోకు తగ్గట్టే వదిలేశాను. సెకనుకు 30 ఫ్రేముల దగ్గర కట్టేస్తే లాభం పోతుంది. ఒక్కో సగం ఒక్కో ఫ్రేమై సెకనుకు 50 వచ్చాయి. పాత టీవీలో చూసినంత సాఫీగా ఉంది, ఇది మాత్రం ఊహించలేదు. మూడో డిస్కు గీతలు పడి చదవలేదు. అప్పగింతలు అందులోనే ఉన్నాయి. పాత ఫైలునే సరిచేద్దామని చూశాను కానీ, కుదింపులో ఆ సరి, బేసి గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, పూర్తిగా విడిపోలేదు.

ఇంతకుముందు ఎవరడిగినా, హెచ్.264 కన్నా కొత్త కుదింపు పద్ధతి హెచ్.265 పెట్టేయమనేవాణ్ని. ఇప్పుడు అలా అనడం లేదు. అమ్మ దగ్గరున్న పాత టీవీ దాన్ని ఆడించలేదు, హెచ్.264లో మళ్లీ మార్చాల్సి వచ్చింది. నా లాప్‌టాప్ కూడా పాతదే, రాత్రి పెట్టి పొద్దున చూసుకుంటాను. వాట్సాప్‌లో పంపే ముక్కల కోసమైతే ఇంత తంటా అక్కర్లేదు. పెళ్లి డిస్కులున్నవాళ్లకైతే చెబుతాను, ముందు తలంబ్రాల నిమిషమొక్కటి మార్చి టీవీలో చూసుకోమని.