బ్యాటరీ పెట్టెకు ఉష్ణవాహక ప్లాస్టిక్: కొనే ముందు లెక్క చూసుకోవాలి

విద్యుత్ స్కూటర్లకు, ఆటోలకు బ్యాటరీ ప్యాకులు కట్టేవారికి అల్యూమినియం పెట్టె బదులు ఉష్ణవాహక ప్లాస్టిక్ అమ్మజూపేవారు చెప్పేది ఒక్కటే: ఇది తేలిక, తుప్పు పట్టదు, పైగా లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. తుప్పు సంగతిలో పేచీ లేదు. బరువు, వేడి సంగతులు మాత్రం ఆ ప్లాస్టిక్‌ను ప్యాక్‌లో ఏ భాగానికి వాడుతున్నామన్నదాన్ని బట్టి పూర్తిగా మారిపోతాయి. సెలనీస్ వారి కూల్‌పాలీ, కొవెస్ట్రో వారి మాక్రొలాన్ టీసీ వంటి రకాలు మంచి పదార్థాలే. సెల్స్‌ను పట్టి ఉంచే హోల్డర్లకు వాటిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, స్కూటర్ ప్యాక్ బయటి పెట్టె మొత్తానికి మాత్రం చేయను.

మామూలు నైలాన్, పాలికార్బొనేట్ వంటి వాటి ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు 0.2 నుంచి 0.3 వాట్ల దాకా ఉంటుంది. పోత అల్యూమినియంలో అది 100 వాట్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఈ దూరాన్ని తగ్గించడానికి ప్లాస్టిక్‌లో బోరాన్ నైట్రైడ్, అల్యూమినా, గ్రాఫైట్ వంటి పొడులను దండిగా కలుపుతారు. గ్రాఫైట్ కలిపితే వాహకత బాగా పెరుగుతుంది గానీ విద్యుత్తు కూడా ప్రవహిస్తుంది కనుక సెల్స్‌కు ఆనుకునే చోట దాన్ని వాడకూడదు. కూల్‌పాలీలో డి-సిరీస్ విద్యుత్తును అడ్డుకునేది, ఇ-సిరీస్ ప్రవహింపజేసేది. ఆర్డరులో ఒక్క అక్షరం తారుమారైతే ప్యాక్‌లో షార్ట్ సర్క్యూట్‌కు దారి తీయవచ్చు.

పదార్థం గుణాలను అంకెల్లో చెప్పే డేటాషీట్‌ను చదవడంలోనే అసలు మెలకువ ఉంది. బోరాన్ నైట్రైడ్, గ్రాఫైట్ రేణువులు పలుచని రేకుల్లా ఉంటాయి. అచ్చులోకి కరిగిన ప్లాస్టిక్ దూసుకుపోయేటప్పుడు అవి ప్రవాహం వెంట పడుకుంటాయి. అందువల్ల గోడ వెంబడి వాహకత ఎక్కువగా, గోడకు అడ్డంగా, అంటే లోపలి నుంచి బయటికి, చాలా తక్కువగా ఉంటుంది. పెద్ద అక్షరాల్లో అచ్చువేసే అంకె సాధారణంగా మొదటిదే. ఏ దిశలో కొలిచారో రాయని డేటాషీట్ నా చేతికి కూడా వచ్చింది. అడిగితే సరఫరాదారు నుంచి వచ్చింది మళ్లీ అదే కాగితం. రెండు దిశల అంకెలూ, కొలిచిన పద్ధతీ రాసివ్వని వారి దగ్గర అచ్చుపోసే ప్లాస్టిక్ గుళికలు కొనకపోవడం మంచిది.

ఇక వేడి లెక్క. ఒక స్కూటర్ ప్యాక్ 30 వాట్ల వేడిని పుట్టిస్తోందనీ, పెట్టె ఉపరితలం 0.3 చదరపు మీటర్లనీ అనుకుందాం. అంటే చదరపు మీటరుకు 100 వాట్లు. మూడు మిల్లీమీటర్ల మామూలు నైలాన్ గోడకు లోపలి వైపునకూ బయటి వైపునకూ ఉండే తేడా సుమారు 1.2 డిగ్రీలు. అడ్డంగా ఒక వాటు వాహకత ఉన్న ప్లాస్టిక్ వాడితే అది 0.3 డిగ్రీలకు తగ్గుతుంది. మనం డబ్బు పోసి కొన్నది ఆ 0.9 డిగ్రీనే. బండి నిలిచి ఉండగా పెట్టె ఉపరితలానికీ చుట్టూ ఉన్న గాలికీ మధ్య తేడా 12 డిగ్రీల దాకా ఉంటుంది, దాన్ని ఏ ప్లాస్టికూ, ఆ మాటకొస్తే అల్యూమినియమూ తగ్గించలేవు. బండి పరుగెత్తుతూ గాలి బాగా తగిలితే అది మూడు, మూడున్నర డిగ్రీలకు పడిపోతుంది కాబట్టి అప్పుడు మాత్రం గోడ పాత్ర కొంత కనిపిస్తుంది. అన్నిటికంటే పెద్ద అడ్డంకి లోపల ఉంది. సెల్స్‌కూ గోడకూ మధ్య అయిదు మిల్లీమీటర్ల గాలి ఖాళీగా మిగిలితే, రేడియేషన్‌ను పక్కన పెట్టి చూస్తే, ఆ ఒక్కచోటే 19 డిగ్రీల తేడా వస్తుంది. ఆ ఖాళీని ఉష్ణవాహక పేస్టుతోనో పోశాక గట్టిపడే పాటింగ్ కాంపౌండుతోనో నింపకుండా గోడను మాత్రం మార్చడం, మూత పెట్టిన గిన్నెకు అడుగున రాగి పూత వేయించి దాన్ని పొయ్యికి జానెడు ఎత్తున వేలాడదీసినట్టే.

గోడ వెంబడి వాహకతకు విలువ లేదని దీని అర్థం కాదు. ఒకే చోట పుట్టిన వేడి నిలకడ గాలిలో ఉన్న మామూలు ప్లాస్టిక్ గోడలో దాదాపు 9 మిల్లీమీటర్ల దూరమే పాకుతుంది; గోడ వెంబడి అయిదు వాట్లున్న రకంలో అది 4 సెంటీమీటర్లకు చేరుతుంది. సెల్ హోల్డర్లు, చార్జర్ పెట్టెలు, నియంత్రణ బోర్డు మూతల విషయంలో ఈ గుణం చాలా పనికొస్తుంది. ఒక సెల్ పక్క సెల్స్ కంటే వేడెక్కకుండా సర్దుకుంటే ప్యాక్ అంతటికీ ఒకే తీరున వయసు మీద పడుతుంది. ద్రవంతో చల్లబరిచే కార్ల ప్యాకుల్లో అడుగు పలక సంగతి వేరు: అక్కడ చదరపు మీటరుకు 2,000 వాట్లు ప్రవహిస్తే అడ్డంగా ఒక వాటు వాహకత ఉన్న ఆ మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఆరు డిగ్రీలు మింగేస్తుంది, అల్యూమినియం మింగేది డిగ్రీలో లేశమాత్రం. ఆ చోట లోహానికి పోటీ లేదు.

రామగుండంలో ఎండాకాలం నీడలోనే 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. చాలా లిథియం-అయాన్ సెల్స్‌ను 45 డిగ్రీలకు మించి చార్జ్ చేయవద్దని తయారీదారులు చెబుతారు. పెట్టె ఏదైనా సరే బయటి గాలి కంటే లోపలిని చల్లగా ఉంచలేదు; పైగా వేడిని బాగా పంపే గోడ ఎండను లోపలికి కూడా అంతే బాగా రానిస్తుంది.

బరువు దగ్గర అమ్మకందార్ల లెక్క నాకు మింగుడు పడదు. అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, వట్టి నైలాన్‌ది 1.13. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి సగానికి సగం తేలిక అంటారు. పొడులు కలిపాక ప్లాస్టిక్ సాంద్రత 1.6 దాకా వెళుతుంది, అల్యూమినా ఎక్కువైతే 2 కూడా దాటుతుంది. గట్టితనం తక్కువ కనుక గోడను మందంగా పోయాలి. రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం చదరపు మీటరుకు 5.4 కిలోలు, 1.6 సాంద్రత గల మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ 4.8 కిలోలు. అల్యూమినా నింపినదైతే ఆరు కిలోలు దాటి లోహం కంటే బరువెక్కుతుంది.

పొడి పెరిగేకొద్దీ ప్లాస్టిక్ పెళుసవుతుంది. మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్ల దెబ్బలు తినే ప్యాక్‌కు ఇది చిన్న విషయం కాదు. మరలు నేరుగా బిగించకుండా మర పట్టే ఇత్తడి గొట్టాలను (ఇన్సర్టులు) వేయించాలి, మూలలను గుండ్రంగా పోయించాలి. విద్యుదయస్కాంత అలలను అల్యూమినియం ఆపినట్టు ఈ ప్లాస్టిక్ ఆపదు.

నిప్పు విషయానికి వస్తే, 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూం ఉన్న భవనం మంటల్లో చిక్కుకుని ఎనిమిది మంది మరణించిన తరువాత ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. ప్లాస్టిక్ మంటను ఎంత త్వరగా ఆర్పుకుంటుందో చూసే యూఎల్-94 పరీక్షలో వీ-0 దర్జా వచ్చిందన్నంత మాత్రాన సెల్ పగిలి ఎగజిమ్మే వాయువులను ఆ గోడ తట్టుకుంటుందని అనుకోకూడదు. వీ-0 అన్నది చిన్న ముక్కకు చిన్న మంట చూపించి ఇచ్చే దర్జా మాత్రమే. మొత్తం పెట్టెను ప్లాస్టిక్‌తో చేయడం అసాధ్యమేమీ కాదు: లాంక్సెస్, కౌటెక్స్ టెక్స్‌ట్రాన్ సంస్థలు కలిసి 1,400 మిల్లీమీటర్ల పొడవు, దాదాపు అంతే వెడల్పు గల కారు బ్యాటరీ పెట్టెను నైలాన్-6తో నమూనాగా చేసి చూపించాయి. కాకపోతే దాని బలం పీచులతో ఇచ్చిన దన్ను నుంచి వచ్చింది, ఉష్ణవాహక పొడుల నుంచి కాదు.

ద్విచక్ర వాహనాల ప్యాకులకు వర్తించే భారతీయ భద్రతా ప్రమాణం ఏఐఎస్-156లో మూడో సవరణ తరువాత నీటిలో ముంచే పరీక్ష, ఒక సెల్ అంటుకుంటే మంట మిగతా వాటికి పాకుతుందా అన్న పరీక్ష కూడా ఉన్నాయి. ఇవి మొత్తం ప్యాక్‌కు జరిగే పరీక్షలు, గుళికల సంచికి కాదు. అందువల్ల అచ్చుకు డబ్బు కట్టే ముందే, అల్యూమినియం పెట్టెతో పొందిన ఆమోదం ప్లాస్టిక్ పెట్టెకు ఎంతవరకు చెల్లుతుందో పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి పరీక్షా సంస్థను అడిగి, వారి జవాబును రాతపూర్వకంగా తీసుకోవాలి.