41/7 ఉంచాలా, 39/8 వేయాలా: ట్రైలర్ బండికి ఏ రేషియో మేలు?

"అన్నా, వెనక క్రౌన్ పినియన్ మార్పిస్తే మైలేజీ పెరుగుతుందంట, నిజమేనా?" చెన్నై మాధవరంలో బండ్లు నిలిపే చోట మన తెలుగు డ్రైవర్లు, ఓనర్లు నన్ను ఎక్కువగా అడిగే మాట ఇది. (క్రౌన్ పినియన్ అంటే వెనక యాక్సిల్‌లో షాఫ్టు తిప్పుడును చక్రాలకు చేర్చే పళ్ల చక్రాల జోడీ.) నిజమే. కానీ ఏ రోడ్డు, ఎంత లోడు అన్నది తేల్చుకోకుండా ఆ జోడీ ఉండే హౌసింగ్ విప్పితే డబ్బూ పోతుంది, క్లచ్చూ పోతుంది.

నాకు రెండు ట్రైలర్లు ఉన్నాయి. ఒకటి చీమకుర్తి గ్రానైట్ తెచ్చి చెన్నై పోర్టులో దించుతుంది. ఇంకొకటి పోర్టు నుంచి హోసూరు, బెంగళూరు ఫ్యాక్టరీలకు కంటైనర్లు మోస్తుంది. రెండూ ఒకే మోడల్, రెండూ 41/7తోనే వచ్చాయి. మొదటిదానికి 39/8 వేయించాను. రెండోదాన్ని ముట్టుకోలేదు.

41/7 అంటే క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 7. గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు 5.86 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. మా టైరు చుట్టుకు సుమారు 3.2 మీటర్లు పోతుంది, అంటే కిలోమీటరుకు 312 చుట్లు. టాప్ గేరులో గేర్‌బాక్స్ తగ్గింపు ఏమీ ఉండదు కాబట్టి 60 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ 1,830 ఆర్పీఎంలో (నిమిషానికి అన్ని చుట్లు) ఉంటుంది. 39/8 వేస్తే అదే వేగానికి 1,520 చాలు. టిప్పర్లలో కనిపించే 41/6 అయితే 2,130కి పోతుంది. మా బండి ఆర్పీఎం మీటరులో డీజిల్ ఆదా అయ్యే పచ్చ గీత 1,600 దగ్గర ఆగుతుంది. 41/7తో 60లో పోతున్నంతసేపూ ముల్లు ఆ గీత దాటే ఉండేది.

ఇంజిన్ చుట్లు తగ్గినంత మేర చక్రం దగ్గర లాగుడు కూడా తగ్గుతుంది. 41/7 నుంచి 39/8కి వస్తే ప్రతి గేరులోనూ 17 శాతం బలం పోతుంది. 41/6కి పోతే ఇంచుమించు అంతే పెరుగుతుంది.

చీమకుర్తి నుంచి ఒంగోలు మీదుగా ఎన్‌హెచ్ 16 ఎక్కితే కావలి, నెల్లూరు, తడ, గుమ్మిడిపూండి. ఫ్లైఓవర్లు, వంతెనలు తప్ప అంతా చదును. ఒకసారి టాప్ గేరు పడితే టోల్ గేటు దాకా మార్చే పని లేదు. ఇలాంటి రోడ్డుకు 39/8 బాగా సరిపోయింది. క్యాబిన్‌లో మోత తగ్గిందని డ్రైవర్ మొదటి ట్రిప్పులోనే చెప్పాడు. ట్రిప్పు ట్రిప్పుకూ డీజిల్ మిగులుతోంది.

అయితే మిగులు అదే వేగంలో నడిపితేనే. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. 60 నుంచి 80కి పోతే దాదాపు 1.8 రెట్లు. బండి నింపాదిగా పోతోంది కదా అని డ్రైవర్ 75, 80 తొక్కితే రేషియో మిగిల్చిన డీజిల్‌ను గాలి తినేస్తుంది. కంటైనర్ బండ్లకు ఇది మరీ ఎక్కువ, ముందు నిలువు గోడ ఉంటుంది కదా.

నేను ముందు సరిగా అంచనా వేయనిది పోర్టు లైను. ఎన్నూరు రోడ్డు మీద లైనులో పడితే పది మీటర్లు కదలడం, ఆగడం, మళ్లీ పది మీటర్లు. ఫస్ట్ గేరు 9కి 1 ఉన్న (ఇంజిన్ 9 చుట్లకు షాఫ్టు ఒక్క చుట్టు తిరిగే) గేర్‌బాక్స్ అనుకుందాం. యాక్సిలరేటర్ తొక్కకుండా, 600 ఆర్పీఎంలో, క్లచ్ పూర్తిగా వదిలితే 41/7 బండి నిమిషానికి 36 మీటర్లు పాకుతుంది. 39/8 బండి 44 మీటర్లు. ముందున్న లైను అంతకంటే మెల్లగా కదిలితే డ్రైవర్ సగం క్లచ్ మీద నడపాల్సిందే. నిండు గ్రానైట్ లోడుతో గంటల తరబడి సగం క్లచ్ అంటే ప్లేటు కాలిన వాసన రాక మానదు. మాకు మూడొందల కిలోమీటర్ల హైవేకి కొన్ని కిలోమీటర్ల లైను కాబట్టి లెక్క లాభంలోనే ఉంది. పోర్టు నుంచి మణలి, మాధవరం యార్డులకే తిరిగే బండికి మాత్రం 39/8 వేయించొద్దు. ఆ బండి టాప్ గేరు చూసేదే తక్కువ. దానికి 41/7 చాలు, ఎప్పుడూ నిండు లోడే అయితే 41/6 ఇంకా మేలు.

ఇక హోసూరు బండి. చెన్నై సముద్ర మట్టానికి కొన్ని మీటర్ల ఎత్తులో ఉంటే బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది. కృష్ణగిరి దాటాక చాలావరకు ఎక్కుడే. 40 అడుగుల కంటైనర్ ఖాళీగానే 4 టన్నుల దాకా ఉంటుంది, సరుకుతో కలిపి 30 టన్నులు దాటవచ్చు. అక్కడ 39/8 ఉంటే టాప్ గేరు ఆగదు. కింది గేరుకు దించితే ఆర్పీఎం మళ్లీ పైకే పోతుంది, మిగులు ఏముంటుంది? దిగేటప్పుడు భయం ఇంకా ఎక్కువ. అదే గేరు, అదే వేగంలో ఇంజిన్ తక్కువ తిరుగుతుంది కాబట్టి ఇంజిన్ పట్టు తగ్గుతుంది, భారం బ్రేకు డ్రమ్ముల మీద పడుతుంది. ఈ బండి అప్పుడప్పుడు సేలం లోడుకు తొప్పూరు ఘాట్ దిగుతుంది. అక్కడ బ్రేకులు పట్టక జరిగిన ప్రమాదాలు మన వాళ్లందరికీ తెలిసినవే. ఆ దిగుడులో నా డ్రైవర్‌కు 17 శాతం పట్టు తగ్గించే పని నేను చేయలేను.

ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్స్, అంటే టాప్ గేరులో ఇంజిన్ కంటే షాఫ్టు ఎక్కువ చుట్లు తిరిగేది, మూడో దారి. టాప్ 0.75 అయితే 41/7తోనే 60లో 1,370 ఆర్పీఎం వస్తుంది, ఎక్కుడు వస్తే ఒక గేరు దించి పాత బలం తెచ్చుకోవచ్చు. పనితనంలో నాకు అన్నింటికంటే నచ్చేది ఇదే. కానీ మౌంటింగులు, షాఫ్టు పొడవు, క్లచ్ స్ప్లైన్లు, గేరు లింకేజీ అన్నీ కలవాలి. పాత బండికి ఇంత పని దండగ. కొత్త బండి కొనేవాళ్లు మాత్రం షోరూములోనే దీని గురించి అడగాలి. టైరు సైజు పెంచడం నాలుగో మాట. 10.00-20 నుంచి 11.00-20కి పోయినా తేడా 3 శాతం దాటదు, వదిలేయండి.

మార్పించేవాళ్లు ముందు స్పీడు మీటరు సంగతి చూసుకోవాలి. మా బండికి స్పీడ్ సెన్సర్ గేర్‌బాక్స్ వెనక ఉంటుంది, అది చక్రం చుట్లు కాదు, షాఫ్టు చుట్లు లెక్కపెడుతుంది. రేషియో మార్చిన వర్క్‌షాపు వాళ్లు సెట్టింగ్ మార్చలేదు. రెండో రోజు సూళ్లూరుపేట దగ్గర నుంచి డ్రైవర్ ఫోన్: "అన్నా, మీటరు 70 చూపిస్తా ఉంది, ఫోన్లో జీపీఎస్ 84 అంటోంది." నాకు ఒక్కసారిగా టెన్షన్ పట్టుకుంది. 80కి పెట్టిన స్పీడ్ గవర్నర్ ఆ లెక్కన అసలు వేగం 96 దాకా బండిని ఆపదు. వెంటనే పక్కన పెట్టించి, మీటరు సెట్టింగులో కొత్త రేషియో ఎక్కించాకే కదలనిచ్చాను.

క్రౌన్, పినియన్ జోడీగా అరగదీసి వస్తాయి, ఒకటి పాతది ఒకటి కొత్తది కలపకూడదు. వెనక రెండు యాక్సిళ్లు తిరిగే బండి అయితే రెండింటికీ ఒకే రేషియో వేయాలి. పళ్లకు రంగు పూసి, ఒకదానికొకటి ఎక్కడ తగులుతున్నాయో మార్కింగ్ చూడకుండా మెకానిక్ కవర్ మూస్తుంటే ఆపండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. అందుకని మీ మోడల్‌కు కంపెనీ తానే ఇచ్చే రేషియో ఏదో డీలరు దగ్గర కాగితం మీద రాయించుకుని, ఆర్టీఓ ఆఫీసులో, బీమా వాళ్ల దగ్గర అడిగాకే హౌసింగ్ విప్పించండి.